డీపీఎఫ్ విప్పే ముందు, చూసినందుకు డబ్బులివ్వండి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండి, పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ లైటు వేసుకుని షెడ్డులోకి వస్తే ఓనరుకి మొదట వినబడే మాట ఇది: "లేపించేయండి బాబూ, గొడవొదిలిపోద్ది." సెకండ్ హ్యాండ్ బేరాల్లోకి కూడా ఈ మాట పాకింది. "డీపీఎఫ్ తీయించేశాం, ఇక టెన్షన్ లేదు" అని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతున్నారు. కొనేవాళ్ళు అది విని స్థిమితపడుతున్నారు.

ఈ సలహా తప్పని చెప్పడం తేలిక. చట్టం ఒప్పుకోదు, ఆ పొగ పీల్చేది మనమే. అయినా ఆ రెండు ముక్కలూ చెప్పినంత మాత్రాన ఎవరూ మానలేదు. ఈ సలహా ఇంత బాగా ఎందుకు చెల్లుబాటవుతోందని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఒక్కటే. మన దగ్గర విప్పినందుకు రేటుంది, బిగించినందుకు రేటుంది, కోసి వెల్డింగ్ పెట్టినందుకు రేటుంది. చూసినందుకు రేటు లేదు. డీపీఎఫ్‌తో వచ్చిన చిక్కల్లా, దానికి విప్పే పని కన్నా చూసే పనే ఎక్కువ కావడం.

గంటన్నర బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ ముందు కూర్చుని, "ఫిల్టర్ బాగానే ఉందండీ, ఈ రబ్బరు పైపు చిట్లింది, మార్చేశాను" అని చెప్పిన మేస్త్రీకి పైపు ఖరీదు మీద ఓ వంద మిగులుతుంది. ఫిల్టర్ లేపేసినవాడికి వేలు వస్తాయి. ఇలా ఉన్నంతకాలం ఏ సలహా గెలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

మసి వేరు, బూడిద వేరు

ఫిల్టర్ లోపలి దిమ్మ సిలికాన్ కార్బైడ్‌తోనో కార్డియరైట్‌తోనో చేసింది. నిండా సన్నటి కాలువలు. ఒకదానికి వెనక మూత ఉంటే పక్కదానికి ముందు మూత ఉంటుంది. పొగ ఒక కాలువలో దూరి, గోడలోంచి ఊరి, పక్క కాలువలోంచి బయటపడుతుంది. రేణువులు గోడ దగ్గరే ఆగిపోతాయి. అక్కడ చేరేది రెండు రకాలు. షెడ్డులో తప్పు ఎక్కువగా జరిగేది ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల.

మసి కాలుతుంది. హైవే మీద పొగ వేడి 250 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంటే, ఫిల్టర్‌కి ముందున్న డీఓసీ అనే ఉత్ప్రేరకం డబ్బాలో పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ దాన్ని నెమ్మదిగా కాల్చేస్తూ ఉంటుంది. అది చాలనప్పుడు ఇంజన్ కంప్యూటర్ సిలిండర్‌లో మామూలు స్ప్రే తర్వాత ఇంకాస్త డీజిల్ కొట్టించి, దాన్ని డీఓసీలో మండించి, ఫిల్టర్ వేడిని 550-650 డిగ్రీలకి తీసుకెళ్తుంది. ఇదే రీజెన్. బండి కదులుతూ ఉంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

బూడిద కాలదు. ఇంజనాయిల్లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ మందులు మండాక మిగిలేదే అది. కట్టెలు ఎంత బాగా మండినా పొయ్యిలో బూడిదను చేత్తో ఎత్తాల్సిందే కదా, ఇదీ అంతే. కాబట్టి మసితో నిండిన ఫిల్టర్‌ని ఊడదీయడం చాలాసార్లు అనవసరం. బూడిదతో నిండినదానికి ఎన్ని రీజెన్‌లు పెట్టినా దండగ. సెన్సర్ రంధ్రంలోంచి కొట్టే స్ప్రే క్లీనర్లు మసిని కొంత వదిలిస్తాయి, బూడిద జోలికి పోలేవు.

ఆయిల్ గ్రేడు గురించి కొంచెం లెక్క వేసి చూడండి. లీటరు ఆయిల్ బరువు దాదాపు 870 గ్రాములు. కొత్త డీజిల్ బండ్ల గ్రేడైన సీకే-4 ఆయిల్లో సల్ఫేటెడ్ యాష్, అంటే మండితే మిగిలే బూడిద, ఒక శాతం మించకూడదు. కార్లకి వాడే ఏసీఈఏ సీ3లో 0.8 శాతం. పాత సీఐ-4 రకాల్లో కొన్ని 1.5 శాతం దగ్గర ఉంటాయి. బండి ఐదు వేల కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతోందనుకుంటే లక్ష కిలోమీటర్లకి 20 లీటర్లు. ఒక శాతం ఆయిల్ అయితే సుమారు 175 గ్రాముల బూడిద, 1.5 శాతం అయితే 260. అంతా ఫిల్టర్ దాకా చేరదు గానీ, నిష్పత్తి మాత్రం మారదు. కారు ఫిల్టర్‌కి ఇది చాలా పెద్ద బరువు. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అన్న చిక్కదనం అంకె ఒకటే చూసి పాత లారీ ఆయిల్‌ని బీఎస్-6 పికప్‌లో పోసేవాళ్ళు, ఫిల్టర్ ఆయుష్షులో మూడో వంతు అక్కడే పోగొట్టుకుంటున్నారు.

విప్పకుండానే తెలిసేవి

మొదటి పని స్కానర్ కూడా అక్కర్లేనిది. బండి చదునైన చోట పెట్టి, ఇంజన్ ఆపి కాసేపాగి డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పై గీత దాటి ఉందా, డీజిల్ వాసన వేస్తోందా? ఉంటే, రీజెన్‌లు మొదలై మధ్యలో ఆగిపోతున్నాయని అర్థం. అదనంగా కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తోంది. అలాంటి బండికి ఆయిల్ మార్చకుండా మళ్ళీ రీజెన్ పెట్టకూడదు. పలచబడ్డ ఆయిల్ బేరింగులని తినేస్తుంది. మరీ పెరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి మండించుకుంటూ, తాళం తీసినా ఆగకుండా రేసైపోతుంది.

రెండోది సైలెన్సర్ చివర. తెల్లగుడ్డ వేలికి చుట్టి లోపల తుడిస్తే, పనిచేస్తున్న డీపీఎఫ్ ఉన్న బండిలో గుడ్డ దాదాపు శుభ్రంగానే వస్తుంది. కాటుకలా నల్లగా వచ్చిందంటే లోపల దిమ్మ పగిలింది, లేదా అసలు లేదు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు టైర్లు చూసే ముందు ఈ పని చెయ్యాలి.

ఆ తర్వాత స్కానర్. కోడ్ చదివి అక్కడే ఆగిపోవడం చూడటం కాదు. పి2463 అంటే మసి ఎక్కువైందని, పి242ఎఫ్ అంటే బూడిద నిండిందని, పి2002 అంటే ఫిల్టర్ పట్టాల్సినంత పట్టడం లేదని, పి2453 అంటే ప్రెషర్ సెన్సర్ రీడింగ్ నమ్మేలా లేదని. ఇవి దారి చూపిస్తాయంతే. లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు ఇచ్చే రీడింగులు తెరవాలి.

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా డిఫరెన్షియల్ ప్రెషర్, అంటే ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడిలో తేడా చూడండి. పొగే లేదు కాబట్టి సున్నా ఉండాలి. ఒకటి రెండు మిల్లీబార్లు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పదీ పదిహేనూ చూపిస్తే తప్పు ఫిల్టర్‌ది కాదు, సెన్సర్‌ది. ఖాళీ ఫిల్టర్ బిగించినా ఆ సెన్సర్ "నిండింది" అనే చెబుతుంది. సున్నా సరిగ్గా ఉంటే ఇంజన్ వేడెక్కించి ఐడిల్‌లో చూడాలి. చాలా కార్లలో, పికప్‌లలో మంచి ఫిల్టర్‌కి పది మిల్లీబార్ల లోపే ఉంటుంది. న్యూట్రల్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర వంద దాటితే అడ్డం పడిందని అనుమానించవచ్చు. కచ్చితమైన హద్దు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, అదే ప్రమాణం.

రీడింగ్ నమ్మే ముందు సెన్సర్ పైపులు రెండూ చేత్తో తడమాలి. ఫిల్టర్ ముందు వైపు పైపు చిట్లితే ఒత్తిడి బయటికి పోయి రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కంప్యూటర్ అంతా బాగుందనుకుంటుంది, లోపల మసి పేరుకుపోతుంది. రెండు పైపులూ తారుమారైతే రీడింగ్ మైనస్‌లోకి వెళ్తుంది. పైపు మధ్యలో కిందికి వేలాడితే ఆ వంపులో నీరు నిలుస్తుంది. సెన్సర్ నుంచి ఫిల్టర్ వైపుకి వాలుగా ఉండాలి. ఫిల్టర్‌కి అతికిన ఇనప గొట్టం మసితో బిగుసుకుపోవడం కూడా మామూలే. రబ్బరు పైపుని సెన్సర్ దగ్గర విడదీశాకే గాలి కొట్టాలి, లేకపోతే సెన్సర్ పోతుంది.

ఇక, అడిగేవాళ్ళు తక్కువైనా నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే అంకె ఒకటుంది: గత రీజెన్ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అంతకుముందు రీజెన్‌ల మధ్య ఎంత దూరం ఉంది. ఆరోగ్యంగా ఉన్న కారు మూడు నాలుగు వందల కిలోమీటర్లకి ఒకసారి రీజెన్ చేసుకుంటే వింత లేదు. అదే వందకోసారి చేస్తుంటే, రీజెన్‌లు మధ్యలో ఆగిపోవడం లేదనీ సెన్సర్ బాగుందనీ తేలాక, ఎక్కువగా రెండు కారణాలు: ఇంజన్ మసి ఎక్కువ వదులుతోంది, లేదా బూడిద వల్ల ఫిల్టర్‌లో చోటు తగ్గింది. మొదటి కారణమైతే ఫిల్టర్ ముట్టుకునే ముందు తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపేది), కారే ఇంజెక్టర్, చిరిగిన ఇంటర్‌కూలర్ పైపు (టర్బో నెట్టే గాలిని తెచ్చేది), ఆయిల్ వదిలే టర్బో, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇంటర్‌కూలర్ పైపు జాయింటు దగ్గర నూనె మరకతో పాటు బండి లాగుడు తగ్గి, లోడు మీద ఈల శబ్దం వస్తుంటే వెతుకులాట అక్కడే మొదలుపెట్టాలి.

తెల్లవారుజామున పాల క్యాన్లు వేసుకుని శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగే ఒక పికప్ సంగతి చెప్పాలి. ఫిల్టర్ విప్పి కడిగించారు, కొన్ని వారాలకే లైటు. మళ్ళీ కడిగించారు, మళ్ళీ లైటు. మూడోసారి లేపేద్దామనుకుంటుండగా ఎవరో కూలెంట్ వేడి చూశారు. ఎంతసేపు నడిపినా 60 దాటడం లేదు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపాల్సిన థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఇంజన్ చాలినంత వేడెక్కకపోతే కంప్యూటర్ రీజెన్ మొదలుపెట్టదు. రెండుసార్లు కడిగించిన ఖర్చు ముందు థర్మోస్టాట్ ధర ఎంత? డీజిల్ రిజర్వులో ఉన్నా, పొగ వేడి సెన్సర్ చెడినా, ఇంజన్ లైటు వేరే కోడ్‌తో వెలుగుతున్నా చాలా బండ్లు ఇలాగే రీజెన్ మానేస్తాయి. ఎప్పుడూ పావు ట్యాంకు కింద నడిపే అలవాటున్న ఓనర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రీజెన్ పెట్టే చోటు

స్కానర్‌తో నిలబెట్టి పెట్టే రీజెన్‌కి హద్దులున్నాయి. చాలా కార్లలో మసి 20-25 గ్రాములకి వస్తే కంప్యూటర్ తనే మొదలుపెడుతుంది. 40-45 దాటితే స్కానర్ అడిగినా ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. బాగా నిండిన ఫిల్టర్‌లో మసి మండడం మొదలయ్యాక ఇంజన్ ఒక్కసారి ఐడిల్‌కి పడిపోతే, పొగలో ఆక్సిజన్ పెరుగుతుంది, వేడిని మోసుకుపోయే ప్రవాహం తగ్గుతుంది. లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటి దిమ్మ పగులుతుంది, కార్డియరైట్ అయితే కరుగుతుంది కూడా. "లైటు ఆర్పేద్దాం" అని ఫిల్టర్ శుభ్రం చెయ్యకుండా కొత్తది వేసినట్టు కంప్యూటర్‌లో రీసెట్ కొట్టే షెడ్లు చేసేది, ఈ రక్షణని తీసెయ్యడమే. లైటు ఆరుతుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

చోటు గురించి మన జిల్లాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. నిలబెట్టిన రీజెన్‌లో సైలెన్సర్ చివర గాలి కూడా కాల్చేసేంత వేడిగా ఉంటుంది. ఎండుగడ్డి మీద, వరికుప్ప పక్కన, పలాస వైపు జీడితోటల్లో రాలిన ఆకుల మీద బండి పెట్టి ఈ పని చెయ్యకూడదు. ఊళ్ళ రోడ్ల మీద నూర్పిడికి పంట పరిచే రోజుల్లో బండి కింద గడ్డి చుట్టుకుంటుంది. రీజెన్ పెట్టే ముందు కింద పడుకుని చూసి ఆ గడ్డి పీకెయ్యాలి. సిమెంటు నేల, ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండర్, బానెట్ తెరిచి, ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

రోడ్డు మీద అయ్యే రీజెన్ దీనికన్నా మేలు. ఐడిల్ కాస్త పెరగడం, బండి ఆపినా ఫ్యాన్ తిరుగుతూనే ఉండడం, వేడి వాసన, ఇవి కనిపిస్తే తాళం తియ్యకుండా ఇంకాస్త దూరం పోనివ్వాలి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూనే తిరిగే బండిని ఫిల్టర్ లైటు కనబడగానే హైవే ఎక్కించి టెక్కలి వైపు అరవై డెబ్భై వేగంతో పోనిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. విజయనగరం వాళ్ళకి నాతవలస దగ్గర హైవే ఎలాగూ అందుబాటులోనే ఉంది. లైటు ఆరుతూ వెలుగుతున్నా, ఇంజన్ లైటు కూడా తోడైనా, బండి లాగుడు పడిపోయినా ఈ చిట్కాతో తీరే దశ దాటిపోయిందని అర్థం. అప్పుడు స్కానరే.

విప్పాల్సి వస్తే

బూడిద అని తేలితే విప్పాలి. బండి పూర్తిగా చల్లారాక, ముందురోజే బోల్టులకి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచుకోవాలి. వేడి సెన్సర్లు తుప్పుతో పట్టేసుంటాయి, తొందరపడితే విరుగుతాయి. విరిగినదాన్ని డ్రిల్లు పెట్టి తీసేటప్పుడు ముక్క లోపల పడితే దిమ్మ పాడవుతుంది. పొగ వెళ్ళే దిశకి బాణం గీసుకోవాలి. దిమ్మ పింగాణీ జాతిది, కింద పడేస్తే బయటికి కనబడకుండా లోపల పగులుతుంది.

తీయగానే తూచాలి. ఈ చిన్న పని చేసే షెడ్లు తక్కువ. శుభ్రం చేసే ముందు, చేశాక బరువు రాసుకుంటే ఎన్ని గ్రాములు వదిలిందో తెలుస్తుంది. బూడిద, పొగ దూరే కాలువల వెనక చివర, మూతల దగ్గర గట్టిగా పేరుకుంటుంది. అందుకే గాలి ఎప్పుడూ వెనక వైపు నుంచి ముందుకి కొట్టాలి. ముందు నుంచి కొడితే ఇంకా బిగుస్తుంది. గాలికి వదలకపోతే కొలిమిలో నెమ్మదిగా వేడి పెంచుతూ 600 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, అంతే నెమ్మదిగా చల్లార్చి, మళ్ళీ గాలి కొట్టాలి. కార్లు కడిగే ప్రెషర్ వాషర్ పెట్టి కొట్టడం నేను ఒప్పుకోను. పైనున్న ప్లాటినం పూత దెబ్బతింటుంది, దిమ్మ చుట్టూ ఉన్న మెత్త నానుతుంది. నీటితో శుభ్రం చేసే యంత్రాలు మంచివే ఉన్నాయి, వాటిలో ఒత్తిడి, మందు, ఆరబెట్టడం అన్నీ లెక్క ప్రకారం జరుగుతాయి. తడి ఆరకుండా బిగిస్తే ఆ ఆవిరే తర్వాతి తంటా.

ఆ బూడిదని షెడ్డు మధ్యలో గాలికి ఊదేసే కుర్రాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నటి పొడి అది. మూసిన పెట్టెలో ఊదాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి. మేస్త్రీలకి ఈ మాట ఓనర్లే చెప్పాలి.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లు, క్లాంపులు కొత్తవి. సెన్సర్ మరలు పట్టెయ్యకుండా వేడి తట్టే యాంటీ-సీజ్ పూత. లీకు చూశాక, అప్పుడు మాత్రమే స్కానర్‌లో బూడిద లెక్క రీసెట్.

"మన రోడ్లకి ఇది సరిపడదు"

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేను. పైడిభీమవరం ఫ్యాక్టరీలకి మనుషుల్ని తిప్పే బస్సు గేటు బయట ఏసీ వేసుకుని గంటల తరబడి ఐడిల్‌లో ఉంటే ఏ ఫిల్టరైనా నిండుతుంది. ఊళ్ళో మూడు నాలుగు కిలోమీటర్ల తిరుగుడు తప్ప వేరే పని లేనివాళ్ళకి డీజిల్ కారు అమ్మడమే తప్పు, ఆ విషయం షోరూములో ఎవరూ చెప్పరు. ఫిల్టర్ లైటు అంటే ఏమిటో తెలుగులో చెప్పే కాగితం ఒక్కటీ డ్రైవర్ చేతికి రాదు. కొత్త ఫిల్టర్ ధర చాలా మోడళ్ళకి లక్ష దాకా పోతుంది. సొంత బండి మీద బతికే మనిషికి ఆ అంకె చెబితే లేపించేయడానికే మొగ్గుతాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కానీ ఇదే జిల్లాల్లో దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. సాలూరు ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్ళినా, లారీల మాటొస్తే విజయనగరం వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ ఊరే. అక్కడి నుంచి ఒడిశా వైపు లోడుతో ఘాట్ ఎక్కే లారీకి పొగ వేడి దానంతటదే సరిపోతుంది, మసి దారిలోనే కాలిపోతుంది. అలాంటి లారీ ఫిల్టర్ నిండిందంటే అనుమానించాల్సింది రోడ్డుని కాదు, ఆయిల్‌ని, ఇంజెక్టర్లని. ఒకే ఫిల్టర్ ఒక పనిలో నిండి ఇంకో పనిలో నిండకపోతే, రోడ్లకి సరిపడదన్న మాట సగమే నిజం.

తీసేస్తే మైలేజి పెరుగుతుందన్న మాట కూడా అలాంటిదే. రీజెన్‌కి పోసే డీజిల్ మిగులుతుంది, వెనక ఒత్తిడి తగ్గుతుంది, కొంత పెరగడం నిజమే. అయితే జనం పోల్చుకునేది నిండి ఊపిరాడని ఫిల్టర్‌తో ఉన్నప్పటి మైలేజితో. బాగున్న ఫిల్టర్‌తో పోల్చి చూస్తే తేడా చిన్నది.

దానికి బదులు బయటికి వదిలేది చిన్నది కాదు. మంచి డీపీఎఫ్ రేణువుల్లో తొంభై ఐదు శాతం పైగా ఆపుతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష పొగ చిక్కదనాన్ని కొలుస్తుంది గానీ రేణువుల్ని లెక్కపెట్టదు. కాబట్టి ఫిల్టర్ లేని బండి అక్కడ గట్టెక్కినా, బాగున్నట్టు కాదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత సెక్షన్ 190(2) కింద మొదటి తప్పుకే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. లేపేసిన దిమ్మ ఎటు పోతోంది? డీఓసీలో, ఫిల్టర్ పూతలో ప్లాటినం, పల్లేడియం ఉంటాయి. తుక్కు కొనేవాళ్ళకి అది తెలుసు. డబ్బులిచ్చి ఫిల్టర్ లేపించుకున్న ఓనరు, ఆ దిమ్మని కూడా షెడ్డులోనే వదిలేసి వెళ్తున్నాడు.

బిల్లు మీద ఉండాల్సిన అంకెలు

నేను అడిగేది ఇంతే. డీపీఎఫ్ తనిఖీకి విడిగా ఒక రేటు పెట్టండి. వెయ్యి గానీ పదిహేను వందలు గానీ, ఫిల్టర్ విప్పినా విప్పకపోయినా ఆ డబ్బు మేస్త్రీకి ఇచ్చెయ్యండి. తప్పు రబ్బరు పైపులో ఉందని చెప్పినందుకు అతని సంపాదన తగ్గకూడదు. స్కానర్ కొన్న కుర్రాళ్ళు ఈ రెండు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. దానితో కోడ్ చెరపడమే తప్ప రీడింగులు రాసే అలవాటు రాలేదంటే, రాసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వకపోవడం వల్లే.

ఓనరు బదులుగా బిల్లు మీద అంకెలు అడగాలి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ప్రెషర్, ఐడిల్‌లో, 3000 దగ్గర. ఇంజన్ వేడెక్కాక కూలెంట్ ఉష్ణోగ్రత. చివరి రీజెన్ నుంచి కిలోమీటర్లు. మసి గ్రాములు, బూడిద గ్రాములు. డిప్‌స్టిక్ మట్టం, పోసిన ఆయిల్ గ్రేడు. విప్పితే ముందు బరువు, తర్వాత బరువు. ఈ కాగితం బండి పత్రాలతో పాటు దాచుకుంటే, ఆరు నెలల తర్వాత ఇంకో షెడ్డుకి వెళ్ళినా అక్కడి మేస్త్రీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఐడిల్ రీడింగ్ అప్పుడు నాలుగుంటే ఇప్పుడు తొమ్మిదైందని, రీజెన్ దూరం మూడు వందల యాభై నుంచి నూట ఎనభైకి పడిందని చూసి, లైటు వెలగకముందే ఇంటర్‌కూలర్ పైపు తడుముతాడు.